నల్లపొట్టు గుట్ట

దోహాలో వాన పడితే మా క్యాంపంతా పండుగ. బర్వా అల్ బరాహాలో మా బ్లాకు మెట్ల మీదికి అందరూ ఫోన్లు పట్టుకుని ఉరికొస్తారు. చేతులు చాపి తడుస్తారు. ఇంటివాళ్లకు వీడియో కాల్ చేసి చినుకులు చూపిస్తారు. ఎవడో ఒకడు మిర్చి బజ్జీల ముచ్చట ఎత్తుతాడు. నేను మాత్రం లోపలే కూర్చుంటాను. "ఏందే, వానకు భయపడేటోడు గూడ ఉంటడా?" అని నా రూమువాళ్లు ఎక్కిరిస్తారు. ఉంటాడు, నవ్వుకోండి. తడిసిన మట్టి వాసన తగిలితే నా అరచేతులు చల్లబడతాయి. ఎందుకో చెప్పినా ఎవడూ నమ్మడు. ఇసుక తప్ప ఇంకేమీ లేని ఎడారిలో మా బావ బురదలో మునిగిపోతుంటే నేను చూశానంటే ఎట్లా నమ్ముతారు?

బావ అంటే మా పెద్దక్క భర్త. మాది జగిత్యాల దిక్కు పల్లె. నేను పడుచు వయసులోనే గల్ఫ్ వచ్చి ఇక్కడే వెంట్రుకలు నెరిపించుకున్నాను గాని, బావ మాత్రం సగం వయసు దాటేదాకా వరి పొలం తప్ప ఇంకో లోకం ఎరగడు. వానాకాలం, యాసంగి, రెండు పంటలూ వరసగా పోయాక ఆయనా బయలుదేరాడు. మా కంపెనీలోనే వీసా దొరికింది. విమానం ఎక్కే ముందు అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావను నీ చేతులల్ల వెడుతున్న. దుబాయ్ల ఆయనకు నువ్వు తప్ప ఎవలున్నరు?"

"అక్కా, ఇది దుబాయ్ కాదే, ఖతర్."

"ఏదైతేంది! మనిషి పైలం."

ఆ 'పైలం', అంటే జాగ్రత్త, అన్న మాట ఆ రోజు నుంచి నా మెడకు కట్టుకున్నట్టే అయింది. మా అక్క మాట అటువంటిది. చిన్నప్పుడు కుండెడు నీళ్లు నా నెత్తిన పెట్టి కూడా అట్లాగే అనేది, ఒలికితే వీపు చిట్లేది.

మాది తోటపని కంపెనీ. నేను నీటి పనివాణ్ని. పంపు, పైపులు, వాల్వులు, ఎక్కడ ఎంత నీరు వదలాలి అన్నది నా డ్యూటీ. దోహాకు ఉత్తరాన ఒక మజ్రా, అంటే ఊరి బయట తోట, అక్కడ మాకు పని పడింది. ఆ తోట యజమాని ఏదో చలిదేశం పోయి వచ్చాడట. అక్కడ గుట్టల మీద నల్లని తడినేల, దాని మీద పచ్చిక, ఊదారంగు పూలు చూసి మనసు పారేసుకున్నాడు. అచ్చం అటువంటి గుట్ట తన తోటలో కావాలన్నాడు. కావాలంటే చేసి పెట్టడమే మన పని.

కూలగొట్టిన ఇళ్ల రాళ్లూ ఇసుకా పోసి మూడంతస్తుల ఎత్తు గుట్ట లేపారు. నీరు ఇసుకలోకి ఇంకిపోకుండా దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచారు. ఆ షీటు మీద ఓడల్లో తెప్పించిన పీట్ పోశారు. పీట్ అంటే మట్టి కాదు. చలిదేశాల్లో చిత్తడి నేలల మీద నాచూ గడ్డీ చచ్చి, పూర్తిగా కుళ్లకుండా తరతరాలుగా పేరుకున్న పొర. చూస్తే తడిసిన టీ పొడిలా ఉంటుంది. మేము దాన్ని నల్లపొట్టు అనేవాళ్లం. ఎండిన మూటను బావ ఒంటి భుజాన వేసుకుని పైకెక్కేవాడు. నీళ్లు తాగిందంటే అదే మూటను ఇద్దరం కలిసి జరపలేకపోయేవాళ్లం. గుట్ట అడుగుభాగంలో ఆ పొట్టు మనిషెత్తు కంటే మందంగా ఉండేది. తాగినంత తాగి, మిగిలిన నీరు షీటు మీదుగా జారి, కింద ఒక పైపు గుండా బయట ఇసుకలోకి పోయేది. ఆ పైపు నోరు గుర్తుంచుకోండి.

ఈ పని చూసుకోవడానికి కంపెనీ ఐర్లాండ్ నుంచి ఒక ముసలి ఇంజినీరును తెచ్చింది. మన ఎండకు ముఖం టమాటాలా అయ్యేది కాబట్టి మేమంతా ఎర్ర సారు అనేవాళ్లం. చాలా మంది ఇంజినీర్లను చూశాను గాని, తాను కట్టే దానికి తానే భయపడేవాణ్ని ఈయన్నే చూశాను. పొద్దున రాగానే గుట్ట చుట్టూ తిరిగేవాడు. లైట్ల కోసం వాలు మీద పాతిన స్తంభాలు నిట్టనిలువుగా ఉన్నాయా లేదా అని ఒంటికన్ను మూసి చూసేవాడు. "ఇది చదునుగా ఉండాల్సిన వస్తువు. దీన్ని గుట్ట మీద పెట్టమంటారు, నా మాట వినరు" అని గొణిగేవాడు. ఆయన మాట ఆఫీసులో ఎవరూ చెవిన పెట్టలేదన్నది నిజం.

ఇక మా బావ సంగతి. గల్ఫ్‌లో మనవాళ్లకు ఏది దొరకకపోయినా ఓర్చుకుంటారు గాని గోంగూర దగ్గర ఓర్పు ఉండదు. కంపెనీ తోటల్లో, చెట్ల సందుల్లో, నీళ్ల ట్యాంకు వెనకాల, ఎక్కడ చారెడు తడి ఉంటే అక్కడ పుంటికూర విత్తనాలు చల్లని తెలంగాణోడు ఉంటే చూపించండి. బావకైతే నల్లపొట్టును చూడగానే కళ్లు మెరిశాయి. గుట్టకు తూర్పు దిక్కున, ఆఫీసు కంటైనర్ నుంచి కనబడని చోట, గుట్ట పాదాన్ని గడ్డపారతో నిలువుగా చెక్కి, చాప పరిచినంత చదును చేశాడు. చుట్టూ పద్ధతిగా గట్టు వేశాడు. వరి మడికి వేసినట్టే, పాదంతో తొక్కి, చేత్తో నునుపు చేసి. ఆ మడిలో పుంటికూర, కొత్తిమీర, నాలుగు పచ్చిమిరప మొక్కలు. పొద్దున సారు చుట్టూ తిరిగే వేళకు వాటి మీద ఖర్జూరం మట్టలు కప్పి ఉంచేవాడు.

"బావా, సార్ చూస్తే మనిద్దరిని బండెక్కిస్తడు."

"ఎర్ర సారు పుంటికూర తింటడా ఏంది? ఆయనకు గడ్డి అనుకుంటడు తియ్యి."

నేను కోప్పడ్డాను. ఎంత కోప్పడ్డా ఆ వారం క్యాంపులో పుంటికూర పప్పు వండితే రెండు సార్లు పెట్టించుకుని తిన్నాను. ఎండాకాలం మధ్యాహ్నాలు బయట పని ఆపుతారు కదా, ఆ వేళలో అందరూ ఏసీ గదిలో పడుకుంటే బావ మాత్రం ఆ మడి పక్కన గుట్ట నీడలో తలగుడ్డ పరుచుకుని ఒరిగేవాడు. "గీడ పంటే మా పొలం కాడ ఉన్నట్టే ఉంటది బామ్మర్ది" అనేవాడు. పిచ్చి మారాజు, ఏం చేస్తాం.

ఒకరోజు టీ తాగుతూ ఎర్ర సారును అడిగాను, "ఎందుకు సార్ ఈ గుట్టంటే అంత భయం?" అని. ఆయన నన్ను పికప్ దగ్గరికి తీసుకుపోయి, బానెట్ మీది దుమ్ములో వేలితో గీసి చూపించాడు. నా ఇంగ్లీషు సైట్ మీద నేర్చినదే గాని ఆయన నెమ్మదిగా చెప్పేవాడు కాబట్టి అర్థమయ్యేది.

వాళ్ల ఊరి చుట్టూ ఇటువంటి నల్లనేలలేనట. పొయ్యిలోకి దాన్నే పలకలుగా కోసుకుని ఎండబెట్టుకునేవారట. ఆయన చిన్నప్పుడు ఒక వానాకాలం, పక్క లోయలో నేల కదిలింది. ఉరుము లేదు, చప్పుడు లేదు. పొద్దున లేచి చూస్తే బాట మీద, వాగులో, గొర్రెల దొడ్డిలో అంతా నల్లటి చిక్కటి ముద్ద. దాని మీద గడ్డి గడ్డిలాగే నిలబడి ఉందట. వాగులో చేపలన్నీ తెల్లగా తేలాయట. ఆ వాసన ముసలితనం వచ్చినా ముక్కులోంచి పోలేదన్నాడు.

"అన్నీ ఒక్క తీరుగా జారవు" అన్నాడు. ఒకోసారి పైనున్న పొర మొత్తం అడుగున ఉన్న బంకమట్టిని విడిచి, చాప జారినట్టు జారుతుంది. మధ్యలో చీలి పెద్ద పెద్ద ముక్కలు తెప్పల్లా నడుస్తాయి. ఇంకోసారి పైపొర గట్టిగానే ఉంటుంది, లోపల మాత్రం నీరు చేరి చేరి జావ అవుతుంది, నేల కడుపు ఉబ్బుతుంది, ఎక్కడ పలచగా ఉంటే అక్కడ పుండు పగిలినట్టు పగిలి లోపలిదంతా బయటికి కక్కుతుంది. అన్నిటికంటే అదే భయం ఆయనకు. కొన్ని చోట్ల ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా మెల్లగా పాకుతుంది, కంచె గుంజలు వంగితేనే తెలుస్తుంది. స్తంభాల వంక ఒంటికన్నుతో చూడటం అందుకని అప్పుడు తెలిసింది నాకు.

"వాన ఒక్కటే కారణం అనుకుంటారు" అన్నాడు. "మనిషి చేసేది ముందు ఉంటుంది, వాన ఆఖరున వస్తుంది. గుట్ట పాదం కోస్తారు. నెత్తిన బరువు పెడతారు. నీరు పోయే దారి మూస్తారు. ఎండకు బీటలు వారనిస్తారు. ఒకసారి పూర్తిగా ఎండిన పీట్ మళ్లీ నీటిని తాగదు, నీరు బీటల్లోంచి నేరుగా అడుక్కి పోయి పైపొరను లేపుతుంది."

పాదం కోస్తారు అన్న మాట వినగానే బావ మడి నా కళ్ల ముందు కదిలింది. ఆ సాయంత్రమే బావకు చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వాడు.

"మట్టి నడుస్తదా? కాళ్లున్నయా దానికి? ఎర్ర సారుకు ఎండదెబ్బ తాకింది. జెర మజ్జిగ తాపు."

అదీ ఆయన వరస. నేనూ ఎక్కువ పట్టు పట్టలేదు, ఎందుకంటే ఇది ఖతర్, ఇక్కడ వాన ఎక్కడిది అనుకున్నాను.

ఆ ఎండాకాలం ఎర్ర సారు పొడుగు సెలవు మీద తన దేశం పోయాక పంపు కాలిపోయింది. విడిభాగం రావాలి, వస్తుంది, బుక్రా బుక్రా, అంటే రేపు రేపు అని రోజులు గడిపారు. ట్యాంకర్ నీళ్లతో కింది చెట్లను బతికించుకున్నాం గాని గుట్ట మీదికి చుక్క ఎక్కలేదు. పచ్చిక గోధుమరంగు తిరిగింది. ఒకరోజు పైకెక్కి చూస్తే నల్లపొట్టు ముడుచుకుపోయి బీటలు. చెయ్యి పెడితే మోచేయిదాకా పోయింది, అడుగు తగల్లేదు. లోపలినుంచి వెచ్చటి గాలి తగిలింది. గబుక్కున చెయ్యి తీసేశాను, ఏదో కరుస్తుందన్నట్టు.

పంపు బాగయ్యాక ఫోర్‌మన్‌కు తొందర పుట్టింది. యజమాని చలికాలం విందు పెట్టుకున్నాడట, గుట్ట పచ్చగా కావాలి. "డబల్ నీళ్లు పెట్టు, యల్లా, జల్దీ" అన్నాడు. దానికి తోడు గుట్ట నెత్తిన విందు గుడారం కోసం రాతిపలకలు పరిచారు, కుండీలతో సహా ఖర్జూరం చెట్లు ఎక్కించారు. నెత్తిన బరువు. ఎర్ర సారు మాటలు ఒక్కొక్కటే నా కళ్ల ముందు నిజమవుతున్నాయి.

నీటి పనివాడికి ఒక లెక్క మనసులో ఎప్పుడూ నడుస్తుంటుంది. వదిలిన నీరు ఎక్కడో తేలాలి. నేను పొద్దునా సాయంత్రం వాల్వు తిప్పుతున్నాను. పైన నీళ్లు పొట్టు మీద గోళీల్లా దొర్లి బీటల్లోకి దూరిపోతున్నాయి. మరి అవి ఎక్కడికి పోతున్నాయి? కింద పైపు దిక్కు ఇసుక ఎండి ఉంది. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. పోసిన నీళ్లన్నీ లోపలే ఉన్నాయి. గుట్ట తాగుతోంది, తాగుతోంది, ఒక్క చుక్క వదలడం లేదు. డ్యూటీ అయ్యాక బస్సులో కూర్చున్నా ఆ గుట్ట నా వెనకాలే నిలబడి ఉన్నట్టు అనిపించేది.

వాల్వు తగ్గిస్తే ఎండి బీటలు పెరుగుతాయి. పెంచితే లోపల నిండుతుంది. నీళ్లు పెట్టినా భయమే, పెట్టకపోయినా భయమే. వాల్వు తిప్పడం, మళ్లీ వెనక్కి తిప్పడం, ఇదే పని అయింది నాకు.

ఎర్ర సారు సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు పరుగున పోయి చెప్పాను. పైపులోంచి నీరు రావడం లేదనగానే ఆయన ముఖంలో ఎరుపంతా దిగిపోయింది. ఇద్దరం గుట్ట చుట్టూ నడిచాం. పడమటి స్తంభాలు బాగానే ఉన్నాయి. తూర్పు దిక్కువి రెండు కిందికి తలవంచి ఉన్నాయి. వాటి కింద వాలు కొద్దిగా ముందుకు ఉబ్బి ఉంది, కడుపుతో ఉన్న మనిషిలాగా. ఎర్ర సారు నా భుజం పట్టి వెనక్కి లాగాడు. "ఇటువైపు ఎవరూ రావద్దు. మనిషన్నవాడు రావద్దు" అన్నాడు. ఎరుపు తెలుపు టేపు కట్టించాడు. వాల్వు మూయించాడు. పైపు నోరు ఎక్కడ మూసుకుపోయిందో దూరం నుంచి చూడాలి, తర్వాత పొడుగు గొట్టం వేసి మెల్లగా తెరవాలి, లోపలున్న నీటి బరువు ఎంతో తెలియదు అన్నాడు. పైవాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. విందు అయ్యాక చూద్దాం అన్నారట.

నేను టేపు ఇవతలినుంచి పైపు నోరు వెతికితే కనబడలేదు. ఉండవలసిన చోటిదాకా బావ మడి గట్టు పెరిగి వచ్చి ఉంది. బస్సు దగ్గర బావను పక్కకు లాగాను.

"బావా, ఆ పైపేమైంది?"

"గదా? మడి గట్టుల కలిసింది. మూతికి గోనెసంచి కుక్కి బందు వెట్టిన."

"బందు వెట్టినవా? ఎప్పుడు?"

"ఎండలు ముదురక ముందుగాలనే. నీళ్లు వట్టిగ ఇసుకల వోతుంటే నా పానం ఉసూరుమన్నదిరా. మనూళ్ల బొట్టు బొట్టుకు కొట్లాడుకుంటిమి. గీడ పారవోసుడేంది? చూస్తివా, బందు వెట్టినంక మడిల నీళ్లు ఊటవట్టినట్టు ఊరుతున్నయ్."

అదే మరి. ఇంకెవరైనా ఆ పైపును దాటుకుని పోయేవారు. నీళ్లు వృథాగా పోతుంటే చూడలేని వరిరైతు మాత్రమే దానికి గోనెసంచి కుక్కుతాడు. మా తాతలు తండ్రులు చేసింది అదే కదా, పొలం గట్టుకు గండి పడితే చేతికేది దొరికితే అది పెట్టి మూయడం. నేనైనా ఆ పని చేసేవాణ్నేమో. కాని ఆ క్షణంలో నాకు అంత బుద్ధి ఎక్కడిది? అందరి ముందూ అరిచాను.

"సచ్చిపోతరు బావా! ఎవలన్న సచ్చిపోతరు నీ పుంటికూరకు! ఆ గుట్టలున్న నీళ్లన్ని నువ్వు ఆపినయే!"

బావ నవ్వలేదు. నా ముఖం వంక, గుట్ట వంక చూశాడు. వంగిన స్తంభాలను అప్పుడే చూశాడనుకుంటాను. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, క్యాంపులో అన్నం ముందు పెట్టుకుని కలుపుతూనే ఉన్నాడు. "నాకెర్కనా బామ్మర్ది" అన్నాడు చివరికి, చిన్నపిల్లవాడిలా. నేను నా కంచం తీసుకుని లేచిపోయాను.

మర్నాడు పొద్దున్నే మబ్బు. సైట్‌కు చేరేసరికి సముద్రం దిక్కు నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. ఖతర్ వాన మన వానలా సన్నగా మొదలుకాదు. ఏడాదంతా దాచిపెట్టింది ఒక్కసారే గుమ్మరిస్తుంది. అందరం కంటైనర్‌లోకి పరుగెత్తాం. మనవాళ్లు, నేపాలీలు ఈలలు వేస్తున్నారు, ఫోన్లు తీస్తున్నారు. నేను గుమ్మంలో నిలబడి తలలు చూసుకుంటున్నాను. బావ కనబడలేదు.

"బావేడి?"

మా జేసీబీ నడిపే హైదరాబాద్ భాయ్ చెప్పాడు. "కాకా గడ్డపార తీస్కొని అటు పోయిండు మియా. పైపు తెరిచి వస్త అన్నడు."

వానలో ఉరికాను. ఎట్లా ఉరికానో, ఎప్పుడు చెప్పులు పోయాయో తెలియదు. గుట్ట తూర్పు మలుపు తిరిగేసరికి బావ మడిలో మోకాళ్ల మీద వంగి, భుజం దాకా చెయ్యి పైపులో పెట్టి గోనెసంచిని లాగుతున్నాడు. గడ్డపార పక్కన పడి ఉంది. తాను మూసింది తానే తెరవాలని వచ్చాడు. టేపు దాటి, ఎవరికీ చెప్పకుండా.

"బావా! ఇడిసిపెట్టు! ఉరుకు!"

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. "వస్తున్నదిరా, జెరాగు" అన్నాడు. సంచి బయటికి వచ్చింది. దాని వెనకే కల్లులా నురగ కక్కుతూ నల్లనీరు చిమ్మింది. బావ ముఖం వెలిగింది, దేవుడి తోడు, ఆ క్షణంలో ఆ మనిషి సంతోషించాడు. ఆ వెంటనే ఆయన వెనక గుట్ట కడుపు పగిలింది.

చప్పుడు లేదు. ఎర్ర సారు చెప్పింది అక్షరాలా నిజం. తడిగుడ్డ చింపినట్టు చిన్న శబ్దం, అంతే. వాలు మీద పచ్చిక అట్లాగే నిలబడి, ఊదాపూలు తలలూపుతూ, కిందికి నడిచి వచ్చింది. వంగిన స్తంభాలు నిలబడే ప్రయాణం చేశాయి. దాని కింది నుంచి నల్లజావ ఉబికి మడిని, గట్టును, గడ్డపారను మింగి, బావను నడుందాకా, ఛాతీదాకా పట్టుకుంది. ఆయన అరవలేదు. కళ్లు మాత్రం నా మీదే.

నేను ముందుకు దూకబోయాను. వెనకనుంచి ఎర్ర సారు నా నడుము పట్టుకుని నేల మీద పడేశాడు. "ఆగు! ఇంకోటి వస్తుంది! తొక్కితే ఇద్దరూ పోతారు!" పైకి చూశాను. విరిగిన చోటుకు పైన పచ్చికలో ఇంకో బీట, అర్ధచంద్రంలా, నోరు తెరుస్తూ ఉంది. దాని పైనే రాతిపలకలు, ఖర్జూరం కుండీలు. అడుగు జారితే పైది ఊతం లేక దిగుతుంది, ఆ పైది దిగుతుంది, గుట్ట వెనక్కి వెనక్కి తినుకుంటూ పోతుందని ఆయన బానెట్ మీద గీసినప్పుడు కూడా చెప్పాడు. భాయ్ జేసీబీని పైనుంచి తేబోతే ఎర్ర సారు రెండు చేతులూ అడ్డం పెట్టి బొబ్బలు పెట్టాడు. పైన ఇంకా బరువు పెడితే కథ ఖలాస్.

ప్లైవుడ్ పలకలు, తలుపు రెక్క, కొట్టేసిన ఖర్జూరం మట్టలు, ఏవి దొరికితే అవి, నా వెనకే ఉరికొచ్చినవాళ్లు ఆ జావ మీద పరిచారు. వాటి మీద బోర్లా పడుకుని నేను పాకాను. నా కింద ఆ నల్లముద్ద మెల్లగా ఊగుతోంది, ఊపిరి తీస్తున్నట్టు. అంత భయం నా జన్మలో ఎరగను. ప్యాంటు తడిసింది వానకా ఇంకెందుకా అని నన్నడగవద్దు. బావ జబ్బ నా చేతికి అందింది. రెండు చేతులా పట్టుకున్నాను.

"బామ్మర్ది," అన్నాడు గొణుగుతున్నట్టు, "కాళ్లకు ఏం తాకుతలేదురా."

"మాట్లాడకు. ఊకో."

"మీ అక్కకు ఏం జెప్తవ్?"

ఏం చెప్తాను? నీ మొగుడు ఎడారిలో బురదలో మునిగిపోయాడే, నువ్వు పైలం అన్నావు, నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను, అయినా జారిపోయాడే అని చెప్తానా? ఏడుపు తన్నుకొచ్చింది. "ఏం చెప్పనవసరం లేదు, నిన్ను ఇడువ" అన్నాను. పైన బీటలోంచి పిడికెడు పొట్టు రాలి నా మెడ మీద పడింది. చల్లగా, బరువుగా. తల ఎత్తలేదు. ఎత్తి చూస్తే చేతులు వదిలేస్తానేమో అని నా భయం.

భాయ్ పక్కనుంచి, గట్టి ఇసుక మీద నిలిపిన జేసీబీ చెయ్యి చాపాడు. దానికి బెల్టు కట్టి బావ చంకల కింద వేశాం. "శ్వయ్య, శ్వయ్య" అంటున్నాడు ఎర్ర సారు, అరబ్బీలో మెల్లగా మెల్లగా అని. గబుక్కున లాగితే నడుము ఊడొస్తుంది. జానెడు జానెడుగా ఆ నల్లజావ ఆయన్ని వదిలింది, వదలలేక వదిలింది. బూట్లు లోపలే ఉండిపోయాయి. మేము గట్టినేల మీదికి ఈడ్చుకుని వచ్చి ఇంకా ఊపిరి పీల్చుకోకముందే పైబీట తెగింది. రాతిపలకలు, కుండీలు, ఖర్జూరం చెట్లు అన్నీ కలిసి బావ మడి ఉన్న చోట కూర్చున్నాయి. భాయ్ "యా అల్లా" అని అక్కడే కూలబడ్డాడు. ఎర్ర సారు ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు.

బావ గుప్పిట్లో గోనెసంచి అట్లాగే ఉంది. వేళ్లు ఒక్కొక్కటే విప్పదీశాను.

పక్కటెముక ఒకటి విరిగింది, మోకాలు వాచింది. ఆసుపత్రి మంచం మీద ఆయన అడిగిన మాట ఒక్కటే. "మీ అక్కకు చెప్పకు." చెప్పలేదు. ఇసుక మీద జారి పడ్డాడని చెప్పాను. "ఇసుక మీద వడితె ఎముక ఇరుగుతదా, ముసలోడైండు" అని అక్క నవ్వింది. నేనూ నవ్వాను. గుట్టను కంపెనీ లారీలతో ఎత్తించి చదును చేసింది, విందు వేరేచోట అయింది. ఎర్ర సారు తన దేశం పోయాడు. పోయే ముందు నా చేతిని చాలాసేపు వదల్లేదు. బావ కూడా ఎక్కువ కాలం ఉండలేకపోయాడు. పైపు ఏదైనా కారుతుంటే దగ్గరికి పోడు, ఆగిందంటే ఇంకా భయం. వీసా రద్దు చేయించి, ఎగ్జిట్ కొట్టించుకుని ఊరికి పోయాడు.

మొన్న వాన పడినప్పుడు నేను మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే అక్క ఫోన్ వచ్చింది.

"తమ్మీ, మీ బావకు ఏం బీమారి వట్టిందోరా. పొలంకాడికి పోతడు, గండి కట్టడు. నీళ్లన్ని కిందోళ్ల పొలాలకు వోతున్నయ్. కట్టుమంటె, పోనియ్యే, నీళ్లు పోవాలె అంటడు. బొట్టు కోసం కొట్లాడిన మనిషేనా గీయన? ఊరోళ్లు నవ్వుతున్నరు."

కిటికీ బయట కుర్రాళ్లు వానలో కేకలు పెడుతున్నారు.

"నేనే పోయి గండికి మట్టి వెడుతున్న" అంది అక్క. "నేను వంగంగనే ఎనకకెళ్లి వచ్చి రెండు చేతుల నా జబ్బ వట్టుకుంటడురా. నేను లేచేదాకా ఇడువడు. మోకాలి లోతు నీళ్లు గూడ లేవు ఆడ. ఎందుకు వట్టుకుంటడు, ఏమైతదని?"



"పట్టుకోనియ్యి అక్కా" అన్నాను.